బోటెక్కితే తలాక్

మా ఆయనకి కోపం వస్తే షరతులు పెడతాడు. కొంతమంది మొగుళ్ళు కంచాలు విసురుతారు, కొంతమంది అలిగి పస్తు పడుకుంటారు. మా ఆయన ఈ రెండూ చెయ్యడు, ఆయనకి అన్నమంటే గౌరవం. 'ఫలానా పని చేశావంటే నీకు తలాక్' అంటాడు, అంతే. అనేసి, చెప్పులేసుకుని జంగ్లీఘాట్‌లో తన షెడ్డుకి వెళ్ళిపోతాడు. పొద్దుగూకేదాకా అక్కడ బోటు ఇంజన్లు బాగుచేసి, ఇంటికొచ్చి టీ ఏదీ అంటాడు. పొద్దున తాను పెట్టిన షరతు నేను మధ్యాహ్నం తప్పి ఉంటే, టీ ఇమ్మని అడగడానికి ఇంట్లో పెళ్ళాం అనే మనిషే ఉండదన్న సంగతి ఆయనకి తట్టదు.

మేము తెలుగు ముస్లిములం. మా తాతలు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి ఈ ద్వీపాలకి వచ్చారు. మేమిక్కడే పుట్టాం, ఇక్కడే పెళ్ళి చేసుకుని మిన్నీ బేలో కాపురం పెట్టాం. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, నమాజులో అరబీ. నేను బడిలో తెలుగు చెబుతాను. గలగలా తెలుగు మాట్లాడుతూ, పుస్తకం తెరిస్తే మాత్రం బిక్కమొహం వేసే పిల్లల చేత అక్షరాలు దిద్దించడం నా ఉద్యోగం. నోటితో అనేసే మాట వేరు, తెలిసి అనే మాట వేరు అని రోజూ వాళ్ళకి చెబుతుంటాను. ఇంటికొచ్చి ఆ పాఠం చెప్పే ధైర్యం మాత్రం చాలాకాలం రాలేదు.

మొదటి తలాక్ ఉప్పు మీద పడింది. పెళ్ళయిన కొత్తలో నా చెయ్యి కాస్త ధారాళం. 'రేపు కూడా కూరలో ఉప్పెక్కువైతే నీకు తలాక్' అన్నాడు. మర్నాడు ఎండుచేప కూర. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "మళ్ళీ ఉప్పే!" అని అరిచి, అరిచిన తర్వాత నిన్నటి మాట గుర్తొచ్చి నమలడం ఆపేశాడు. అప్పటికి మా మామగారు బతికే ఉన్నారు. ఆయన తలకొట్టుకుని చెప్పారు. తలాక్ అనే మాట విప్పి అన్నాక, సరదాకి అన్నానన్నా కోపంలో అన్నానన్నా కుదరదట. షరతు పెట్టి అంటే, ఆ షరతు జరిగిన క్షణాన పడిపోతుందట. అయితే ఒకటి పడినా, రెండోది పడినా, గడువు లోపల 'నిన్ను తిరిగి తీసుకున్నాను' అంటే కాపురం నిలుస్తుంది. మూడోది పడిందంటే ఇక తిరిగి తీసుకోవడం లేదు. మా ఆయన అక్కడికక్కడే నన్ను తిరిగి తీసుకుని, కూర కూడా పూర్తిగా తినేశాడు. ఆ తర్వాత ఆరేడు నెలలు మా ఇంట్లో అందరం చప్పిడి కూరలు తిన్నాం.

రెండోది నీళ్ళ మీద. మా వీధిలో కుళాయి రోజూ రాదు, వచ్చినప్పుడు డ్రమ్ములు నింపుకోవాలి. 'ఈసారి మర్చిపోయావో' అని షరతు పెట్టాడు. బడిలో పరీక్షల రోజులు, మర్చిపోయాను. ఆయన మళ్ళీ తిరిగి తీసుకున్నాడు. అప్పటికి మామగారు లేరు. చివరి రోజుల్లో ఆయన నన్ను పిలిచి, "అమ్మా, వాడి నోరు వాడి చేతుల్లో లేదు, నువ్వే జాగ్రత్తగా మసులుకో" అన్నారు. నోరు ఆయనది, జాగ్రత్త నాది. ఈ పంపకం ఎవరు చేశారో నాకెప్పటికీ అర్థం కాలేదు.

ఒకేసారి మూడు తలాకులు చెబితే జైలని కొత్త చట్టం వచ్చినప్పుడు, మా ఆయన టీవీ ముందు కూర్చుని, "అదేం పాడు పని, ఒక్కసారే మూడూ చెప్పేయడమేటి!" అని తెగ బాధపడ్డాడు. తాను వాయిదాల పద్ధతిలో రెండు పూర్తి చేశానన్న సంగతి అప్పుడాయనకి గుర్తు లేదు. నాకు గుర్తుంది. ఇంకొకటే మిగిలిందన్న సంగతి అన్నం వండుతున్నా, పాఠం చెబుతున్నా నాకు గుర్తుండేది.

మూడోదానికి మూలం ఒక మెడ ముక్క.

మా పుట్టిల్లు తుష్నాబాద్. అక్కడ మా అన్నయ్య కొత్తిల్లు కట్టుకుని విందు చేశాడు. ఆ హడావుడిలో ఎవరో మా ఆయన పళ్ళెంలో కోడి మెడ వడ్డించారు. ఇంటల్లుడికి మెడ ముక్క! ఆయన అక్కడ ఏమీ అనలేదు, ఆ మెడని శుభ్రంగా చీకి తినే లేచాడు. కానీ తిరుగు ప్రయాణంలో ఛాథమ్ వచ్చేదాకా అదే మాట. తర్వాత కొన్ని నెలలకి మా అన్నయ్యకి కొడుకు పుట్టాడు. పిల్లవాడి అఖీకాకి, అంటే తల వెంట్రుకలు తీసి పేరు పెట్టే వేడుకకి, రమ్మని కబురొచ్చింది. ఆయన రానన్నాడు. నేను వెళ్తానన్నాను. మేనత్తని, వెళ్ళకపోతే ఎలా?

ఆ పొద్దున పిల్లవాడికి కుట్టిన చొక్కాలు సంచిలో పెట్టుకుని, బురఖా వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాను. మా ఇంటి నుంచి తుష్నాబాద్ వెళ్ళాలంటే ఛాథమ్ జెట్టీలో బోటెక్కి, అవతల బేంబూఫ్లాట్‌లో దిగి, బస్సు పట్టుకోవాలి. సిప్పీఘాట్ మీదుగా చుట్టుదారి ఉంది కానీ, పని తక్కువైనవాళ్ళు తప్ప ఆ దారిన ఎవరూ పోరు. ఆయన వెనక నుంచి వచ్చి అన్నాడు.

"ఆ బేంబూఫ్లాట్ బోటులో కాలెట్టావంటే సూడు. నీకు తలాక్."

అనేసి నన్ను దాటుకుని స్కూటరు తీసి షెడ్డుకి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు వెళ్ళలేదు. అన్నయ్యకి ఫోన్ చేసి జ్వరమని చెప్పాను. పక్కింటి అక్క, చర్చిలో తెలుగు పాటలు పాడిస్తుందే ఆవిడ, గోడ మీంచి చూసి సంగతి అడిగింది. చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మాకు పెళ్ళిలో చావొచ్చి విడదీసేదాకా అని ఒకే ఒక కండీషన్ అమ్మా, మళ్ళీ కొత్తవి పెట్టనివ్వరు" అంది. ఆ క్షణంలో అది నాకు చాలా సౌకర్యంగా కనిపించింది.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు అన్నయ్యే మా ఆయనకి ఫోన్ చేశాడు. మెడ ముక్క సంగతి ఎవరి ద్వారానో తెలిసిందట. "బావా, తప్పయిపోయింది, ఆదివారం రా, నీకోసమే కోస్తున్నాను" అన్నాడు. మా ఆయన మొహం చూడాలి! ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, అత్తరు రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాకంటే ముందు తయారయ్యాడు.

"పద పద, తొమ్మిదింటి బోటు దొరికిపోద్ది" అన్నాడు.

నేను ఆగి ఆయన వంక చూశాను. బోటు అన్నాడు. తన నోటితోనే అన్నాడు. అంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాడన్నమాట. మా ఆయనకి క్షమించమని అడగడం రాదు, ఎప్పుడూ అడగలేదు. నన్ను తన స్కూటరు మీద ఎక్కించుకుని, కాలు పెట్టొద్దన్న ఆ బోటులోకే తీసుకెళ్తున్నాడంటే ఇంకేం కావాలి? షరతు పెట్టిన మనిషే షరతు ఎత్తేశాడనుకున్నాను. ఛాథమ్ దాకా ఆయన వీపుకి తల ఆనించి కూర్చున్నాను, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా కూర్చోలేదు.

స్కూటరు ఆపకుండానే బోటులోకి ఎక్కించాడు. బండ్లని కూడా దాటించే పెద్ద బోటు అది. రెండు బస్సులు, ఒక ఇసుక లారీ, వాటి మధ్య సందుల్లో మోటారు సైకిళ్ళు. తాళ్ళు విప్పారు, బోటు కదిలింది. ఆయన ఇంజను చప్పుడు విని, "ఒక సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదు" అన్నాడు. గాలి బాగుంది. నేను స్కూటరు దిగబోయాను. అప్పుడాయన కింద డెక్కు వంక చూశాడు, నా కాలు వంక చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దిగకు!" అని అరిచాడు. "కాలెట్టకు! కాలు పైకెత్తు!"

"ఏటయిందండీ?"

"బోటు... ఆ వేళ... నేను అన్నాను కదే..."

అప్పుడు తెలిసింది నాకు. ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. క్షమించమని అడగలేదు. మర్చిపోయాడు, అంతే. మెడ ముక్క మీది కోపం పోయింది కాబట్టి, ఆ కోపంలో అన్న మాట కూడా పోయిందనుకున్నాడు. వీపుకి తల ఆనించుకుని నేను పోగుచేసుకున్న సంతోషమంతా ఛాథమ్‌కీ బేంబూఫ్లాట్‌కీ మధ్య నీళ్ళలో కలిసిపోయింది. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఖలాసీ వచ్చాడు. "దీదీ, నీచే ఉతరో. గాడీ స్టాండ్ పే లగావో" అని, నన్ను దిగమన్నాడు, బండికి స్టాండు వెయ్యమన్నాడు.

"నై ఉతరేగీ భయ్యా" అన్నాడు మా ఆయన, స్కూటరుని రెండు చేతులా బిగించి పట్టుకుని.

"క్యోం? పైర్ టూటా హై క్యా?"

"హాఁ, టూటా హై!"

కాలు విరిగిందనగానే జనానికి జాలి పుట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు లేచి నాకు బల్ల మీద చోటిచ్చారు. నన్ను ఎత్తి కూర్చోబెడతామని ఇంకో ఇద్దరు ముందుకొచ్చారు. చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, నొప్పులా? ఎన్నో నెల?" అంది. నేను రెండు కాళ్ళూ ఎత్తి, స్కూటరు సీటు మీద బాసింపట్టు వేసుకుని, అల ఊపినప్పుడల్లా మా ఆయన అత్తరు చొక్కా పట్టుకుని, ఆ కొద్దిపాటి నీళ్ళు దాటాను. నా పెళ్ళిలో కూడా నన్ను ఇంతమంది చూడలేదు.

అవతల ఒడ్డున స్కూటరు గట్టెక్కించాక గానీ ఆయన నన్ను దిగనివ్వలేదు. "నీ కాలు బోటుకి తగల్లేదు కదా. స్కూటరుకే తగిలింది. ఏటీ అవ్వదు" అన్నాడు. మళ్ళీ ఆయనే, "అవ్వదు కదా?" అన్నాడు. తుష్నాబాద్ దారి పట్టకుండా, జెట్టీకి దగ్గర్లో ఉన్న మసీదుకి వెళ్ళాం.

మౌలానా సాబ్ పెద్దవారు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆయన మాట్లాడింది హిందీ, నాకు గుర్తుండిపోయింది తెలుగులో. ఉప్పు, నీళ్ళు, బోటు, మూడూ వరసగా విన్నారు. మా ఆయన తన స్కూటరు వాదన వినిపించాడు. మౌలానా ఓపిగ్గా విని, 'ఫలానా ఇంట్లో కాలు పెట్టను' అని ఒట్టేసుకున్నవాడు గుర్రం మీద లోపలికి వెళ్ళినా ఒట్టు తప్పినట్టేనని, జనం వాడుకలో కాలు పెట్టడమంటే వెళ్ళడమేనని, ఈ మాట మనం పాటించే హనఫీ పద్ధతి పెద్దలు ఎప్పుడో తేల్చేశారని చెప్పారు. గుర్రానికి లేని మినహాయింపు స్కూటరుకి ఉండదు. మా ఆయన కుంగిపోయాడు.

"మౌలానా సాబ్, ఊరికే బెదిరించడానికి అన్నాను. వదిలేయాలని నియ్యత్ లేదు, ఆ ఉద్దేశమే లేదు."

"బెదిరింపుకి అన్నది ఉత్త ఒట్టుతో సమానమని, పదిమంది పేదలకి అన్నం పెడితే సరిపోతుందని చెప్పిన పెద్దలూ ఉన్నారు" అన్నారు మౌలానా.

"ఇరవై మందికి పెడతాను!"

"ఇది బజారు కాదు. మన హనఫీల దగ్గర ఆ మాట చెల్లదు. మాట విప్పి అన్నావు, నియ్యత్ అడగరు." కాసేపు గడ్డం నిమురుకుని, "సరే, ఆ మాటన్నప్పుడు నీ మనసులో ఏముందో అది చెప్పు" అన్నారు.

మా ఆయన తల దించుకుని నిజాయితీగా ఆలోచించాడు.

"మెడ ముక్క ఉంది" అన్నాడు.

ఆ కథా విన్నారు మౌలానా. నవ్వలేదు, దానికి నేనిప్పటికీ ఆయనకి దణ్ణం పెడతాను. అన్నీ విన్నాక, "ఆ మాటన్నప్పుడు ఈవిడ ఏం చేస్తోంది?" అని అడిగారు.

"చెప్పులేసుకుంటోంది, చేతిలో సంచి ఉంది. బయల్దేరిపోతోంది."

"నువ్వన్నాక ఏం చేసింది?"

"తెలీదు. నేను వెళ్ళిపోయాను."

మౌలానా మొదటిసారి నా వైపు తిరిగారు. అప్పటిదాకా అంతా మా ఆయన మాట, ఆయన కోపం, ఆయన నియ్యత్, ఆయన ముక్క. నేను బోటులో ఎక్కిన సామాను. ఇప్పుడు నన్ను అడుగుతున్నారు. ఏ జవాబుకి కాపురం నిలుస్తుందో, ఏ జవాబుకి పోతుందో నాకు తెలియదు. మా ఆయనకీ తెలియదు, లేకపోతే ఈపాటికి కళ్ళతో సైగలు చేసేవాడే. అందుకని జరిగింది జరిగినట్టే చెప్పాను.

"కూర్చున్నాను. గుమ్మంలోనే కూర్చుండిపోయాను. రెండయిపోయాయి, ఇదొక్కటే ఉందని భయమేసింది. ఆ రోజింకెక్కడికీ వెళ్ళలేదు."

మా ఆయన నా వైపు తిరిగాడు. "భయమేసిందా? నువ్వు నవ్వేస్తావు కదా! నేనెప్పుడేటన్నా నవ్వేస్తావు కదా!"

"మీరు వెళ్ళాక నవ్వు రాదు" అన్నాను.

మౌలానా వెనక్కి వాలారు. మన మజ్‌హబ్‌లో, అంటే మన హనఫీ పద్ధతిలో, అలాంటి మాటకి ఒక లెక్క ఉందన్నారు. ఆడమనిషి గడప దాటబోతుంటే మొగుడు 'దాటావంటే తలాక్' అంటాడు. ఆమె ఆగిపోయి కూర్చుంటుంది. తర్వాత ఇంకెప్పుడో బయటికి వెళ్తుంది. అప్పుడు తలాక్ పడదు. ఎందుకంటే ఆ మాట ఆ పూట ప్రయాణం గురించే, ఆ సందర్భమే దానికి సాక్ష్యం. ఆమె కూర్చోవడంతో ఆ ఒట్టు అక్కడే అయిపోయింది. "ఇవాళ బోటెక్కినదానికి, ఆ వేళ అన్నదానికి సంబంధం లేదు. మీ నికాహ్ నిలిచే ఉంది. ఈవిడ కూర్చోబట్టి బతికిపోయావు" అన్నారు.

మా ఆయన మౌలానా చేతులు కళ్ళకద్దుకున్నాడు, నా సంచి తానే పట్టుకున్నాడు. వెంటనే హుషారొచ్చేసింది. "చూశావా, నా మాట విని ఆగావు కాబట్టి!" అన్నాడు. భయంతో కూలబడిన మనిషి ఆయన లెక్కలో అప్పటికే మాట వినే పెళ్ళామైపోయింది. ఫోన్ తీసి మా అన్నయ్యకి, "బావా, వస్తన్నాం, రైతా కూడా చెయ్యించు" అని చెప్పాడు. స్కూటరు స్టార్ట్ చేశాడు.

నేను కదల్లేదు. మౌలానాని అడిగాను. "షరతు పెట్టే హక్కు ఆయనకేనా? నాకేమీ లేదా?"

ఉందన్నారు. మొగుడు ఆ నిర్ణయాన్ని భార్య చేతికి అప్పగించవచ్చట. 'ఇకమీదట నేను ఫలానా పని చేస్తే, ఉండడమా పోవడమా అన్నది నువ్వెప్పుడు తేలిస్తే అప్పుడే' అని ఆయన ఒప్పుకుంటే, ఆ పని జరిగిన తర్వాత మాట ఆమెది. "నికాహ్ నాడే అడగొచ్చు. ఎవరూ అడగరు, మేమూ గుర్తు చెయ్యం" అన్నారు, కాస్త ఇబ్బందిగా.

మా ఆయన ఇంజను ఆపేశాడు. "ఇప్పుడెందుకివన్నీ? అయిపోయింది కదా!" అన్నాడు.

"మీకయిపోయింది" అన్నాను. "మీరు ఆ మాటనకుండా నేనిక్కడి నుంచి కదలను. అన్నయ్య ఇంటికీ రాను, మనింటికీ రాను."

ఆయనకి కోపం రావడం మొదలైంది, చెవులు ఎర్రబడ్డాయి, నోరు తెరుచుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే, ఏమంటాడో అని కాదు, అంటే నేనేం చేస్తానో అని నాకే భయమేసింది. ఆయన నన్ను చూశాడు. అంతసేపు చూడటం మా పెళ్ళిలో కూడా జరగలేదు. తర్వాత సంచి కింద పెట్టి, మౌలానా ముందుకొచ్చి, ఇకమీదట తలాక్‌కి షరతు పెట్టి బెదిరిస్తే నిర్ణయం నా భార్య చేతిలో, ఆమె ఎప్పుడంటే అప్పుడు, అని ఆయన చెప్పించినట్టే చెప్పాడు.

"కోపంలో అంటున్నావా?" అని అడిగారు మౌలానా.

"లేదండి. నియ్యత్‌తోనే అంటున్నాను."

ఆ మాట విన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. ఆదివారం పూట మసీదు వాకిట్లో, ఎవరేమనుకున్నా సరేనని, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

అది జరిగి చాలాకాలమైంది. మా ఆయన కోపమేమీ తగ్గలేదు. ఇప్పటికీ ఏదో ఒకటి నచ్చక, 'ఇంకోసారి ఇలా చేశావంటే' అని మొదలుపెడతాడు. అక్కడ ఆగిపోతాడు. వాక్యం పూర్తి చేస్తే ఏమవుతుందో ఆయనకి తెలియదు, ఉంటానో పోతానో నా మొహం చూస్తే దొరకదు. నాకూ తెలియదు. తెలుసుకోవాలన్న తొందరా లేదు. ఆయన ఆగిపోయినప్పుడల్లా నేను టీ తెచ్చి పెడుతున్నాను, ఆయన మర్యాదగా తాగుతున్నాడు.